పిక్ అప్: ఒక్క ఫ్రేజల్ వెర్బ్‌ను అన్ని అర్థాల్లో వాడటం ఎలా?

ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్లలో చాలామంది దగ్గర ఒక పీడీఎఫ్ ఉంటుంది. ఎడమవైపు ఐదు వందల ఫ్రేజల్ వెర్బ్స్, కుడివైపు ఒక్కోదానికి ఒక్కో తెలుగు అర్థం. దాన్ని బట్టీ పట్టడం వల్ల పెద్దగా లాభం లేదని నా గట్టి నమ్మకం. క్రియ పక్కన అప్, ఆఫ్, అవుట్, ఆన్ లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థం ఇచ్చేదే ఫ్రేజల్ వెర్బ్. అలాంటి మాటకు ఒకే అర్థం ఉండటం చాలా అరుదు. పిక్ అప్‌నే చూడండి, నిఘంటువుల్లో దీనికి డజనుకు పైగా అర్థాలు ఇస్తారు. ‘పిక్ అప్ అంటే ఎత్తడం’ అని రాసుకున్న మనిషికి ‘సేల్స్ ఆర్ పికింగ్ అప్’ అనే వాక్యం వినబడితే ఎవరు దేన్ని ఎత్తుతున్నారో అర్థం కాదు.

అందుకని ఒక వారం పాటు ఈ ఒక్క మాటనే పట్టుకోండి. దీంతోనే మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. ఇది మనకు సగం వచ్చిన మాట. మిగతా సగంలో కష్టం కూడా అర్థాల దగ్గర లేదు. వాక్యంలో ఎవర్ని ముందు కూర్చోబెట్టాలి అన్న దగ్గర ఉంది.

మొదటి మెట్టు: మీ నోట్లో ఇప్పటికే ఉన్న పికప్‌లు రాసుకోండి

క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి ‘పికప్ ఎక్కడ సార్?’ అంటాడు. మెకానిక్ దగ్గరికి వెళ్లి ‘అన్నా, బండికి పికప్ తగ్గింది, కొంచెం చూడు’ అంటాం. సినిమా చూసొచ్చినవాళ్లు ‘ఫస్టాఫ్ స్లో, సెకండాఫ్ పికప్ అయింది’ అంటారు. ‘పొద్దుటి నుంచి చేస్తున్నా ఫోన్ పికప్ చేయట్లేదు’ అని విసుక్కుంటాం. మార్కెట్ యార్డుకు టమాటా ట్రేలు మోసుకొచ్చేది పికప్ బండి. ఇవి ఐదు వేరువేరు అర్థాలు. ఇంగ్లీష్ రాదు అనుకునే మనిషి కూడా ఈ ఐదింటినీ తడుముకోకుండా వాడతాడు.

వీటిలో నాలుగు ఇంగ్లీష్‌లోనూ నిక్షేపంగా చెల్లుతాయి. బండి పికప్ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. ఆ అర్థం నిఘంటువుల్లో ఉంది కానీ, వేరే దేశంలో మెకానిక్‌తో ‘మై కార్ హాజ్ నో పికప్’ అంటే అతనికి వెంటనే అందకపోవచ్చు. ‘ఇట్స్ స్లో టు పిక్ అప్ స్పీడ్’ అనండి, లేదా ‘ఇట్స్ నాట్ యాక్సిలరేటింగ్ ప్రాపర్లీ’ అనండి.

ఫోన్ దగ్గర ఇంకో సంగతి. తెలుగులో ‘ఫోన్ ఎత్తట్లేదు’ అంటాం కాబట్టి ఇంగ్లీష్‌లో ‘హీ ఈజ్ నాట్ లిఫ్టింగ్ మై కాల్’ అని వచ్చేస్తుంది. మన ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్లకు లిఫ్ట్ అంటే బరువు ఎత్తడం. అక్కడ ‘హీ ఈజంట్ పికింగ్ అప్’ అంటే చాలు. దేన్ని అని చెప్పనక్కర్లేదు. ‘ఐ కాల్డ్ ట్వైస్, నోబడీ పిక్ట్ అప్’ పూర్తి వాక్యమే.

రెండో మెట్టు: ‘చేయి’, ‘అవు’ తోకలు కత్తిరించండి

తెలుగులో ఏ ఇంగ్లీష్ క్రియనైనా వాడాలంటే చివర ‘చేయి’ గానీ ‘అవు’ గానీ తగిలిస్తాం. పికప్ చేశాను, పికప్ అయింది. తెలుగులో అది సరైన పద్ధతే. ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు కూడా ఆ తోకలు వెంటపడితేనే ఇబ్బంది. ‘ఐ విల్ డూ పికప్’ అనేది ‘చేయి’ తోక నుంచి పుట్టిన వాక్యం. అక్కడ ‘ఐల్ పిక్ యూ అప్’ అనాలి.

‘అవు’ తోక ఇంకా పెద్ద చిక్కు తెస్తుంది. ‘బిజినెస్ పికప్ అయింది’ని మాటకు మాట మార్చితే ‘బిజినెస్ వాజ్ పిక్ట్ అప్’ అవుతుంది. దానికి ‘ఎవరో వ్యాపారాన్ని తీసుకెళ్లారు’ అనే అర్థం వస్తుంది. సరైనది ‘బిజినెస్ పిక్ట్ అప్’. అలాగే ‘ద స్టోరీ పిక్స్ అప్ ఆఫ్టర్ ద ఇంటర్వెల్’. పిక్స్ అప్, పిక్ట్ అప్ ముందు ఈజ్, వాజ్ ఏవీ వద్దు. ఇప్పుడు జరుగుతోందని చెప్పే ‘ఈజ్ పికింగ్ అప్’ సంగతి వేరు, అక్కడ ఈజ్ ఉండాల్సిందే. పుంజుకోవడం అనే అర్థం ఎక్కడ వచ్చినా ఇదే నియమం.

మూడో మెట్టు: పూలు కోయడం, పూలు ఏరడం

పిక్‌కీ పిక్ అప్‌కీ తేడా పట్టుకోవడానికి మన పెరట్లోనే మంచి ఉదాహరణ ఉంది. మల్లెపూలు మొక్క నుంచి కోస్తాం. అది పిక్. పారిజాతాలు నేల రాలినవి ఏరుకుంటాం. అది పిక్ అప్. చెట్టెక్కి మామిడికాయలు కోస్తే పిక్, గాలివానకు రాలినవి తెచ్చుకుంటే పిక్ అప్. కింద ఉన్నదాన్ని వంగి చేతిలోకి తీసుకోవడం ఈ మాటకు అసలు బొమ్మ. అప్ అనే ముక్క పైకి అనే దిక్కును చూపిస్తుంది. ఆ తర్వాత వచ్చే అర్థాలన్నీ ఈ రెండిట్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని సాగుతాయి. ఏదో ఒకటి మన చేతికి రావడం, లేకపోతే ఏదో ఒకటి పైకి లేవడం.

పిక్‌కు ఎంచుకోవడం అనే అర్థం కూడా ఉంది. ‘పిక్ ఎ కలర్’ అంటే ఒక రంగు ఎంచుకో. ‘పిక్ అప్ ఎ షర్ట్’ అంటే దారిలో ఒక చొక్కా కొనుక్కురా. క్రికెట్ కామెంటరీలో రెండూ వినిపిస్తాయి. ‘హీ కుడంట్ పిక్ ద గూగ్లీ’ అంటే బ్యాటర్ గూగ్లీని గుర్తుపట్టలేకపోయాడు. ‘హీ పిక్ట్ అప్ త్రీ వికెట్స్’ అంటే బౌలర్ ఖాతాలో మూడు వికెట్లు పడ్డాయి. కామెంటరీ ఇంగ్లీష్‌లో పెట్టుకుని పది ఓవర్లు చెవులు పెట్టి వినండి. పాఠం కంటే అదే బాగా పనిచేస్తుంది.

నాలుగో మెట్టు: మధ్యలో ఏది, చివర ఏది

ఇది వ్యాకరణం, కానీ తప్పించుకోలేం. పిక్‌నీ అప్‌నీ విడదీయవచ్చు. ‘పిక్ అప్ ద బ్యాగ్’ సరే, ‘పిక్ ద బ్యాగ్ అప్’ కూడా సరే. అయితే ఇట్, హిమ్, హర్, మీ, యూ, దెమ్ లాంటి సర్వనామం వచ్చినప్పుడు దాన్ని తప్పకుండా మధ్యలోనే పెట్టాలి. ‘పిక్ ఇట్ అప్’, ‘పిక్ మీ అప్’. ‘పిక్ అప్ మీ’ అనేది మన దగ్గర తరచుగా వినిపించే వాక్యం. చెవిలో ముల్లులా గుచ్చుకునేదీ అదే.

దీనికో కారణం ఉంది. ఇంగ్లీష్‌లో కొత్త సంగతిని వాక్యం చివరికి నెట్టే అలవాటు. సర్వనామం అంటే ఇద్దరికీ ముందే తెలిసినది, అందుకని అది చివర నిలవదు, మధ్యలోకి జరుగుతుంది. అదే లెక్కన, చెప్పేది బాగా పొడవైతే విడదీయకండి. ‘పిక్ అప్ ద బ్లూ బ్యాగ్ దట్ మై బ్రదర్ లెఫ్ట్ ఎట్ ద కౌంటర్’ అనాలి. ఆ పొడుగు మాటలన్నీ చెప్పి చివర అప్ అంటే వినేవాడు అప్పటికే దారి తప్పి ఉంటాడు.

లాంగ్‌మన్ నిఘంటువులో ఇలా విడదీయగల వాటి మధ్య రెండువైపులా మొన ఉన్న బాణం గుర్తు వేస్తారు. ఏ ఫ్రేజల్ వెర్బ్ చూసినా అర్థం చదవడానికి ముందు ఆ బాణం ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి.

ఇక నోటికి సాధన. మీ ఇంట్లో కనిపించే పది వస్తువులు తీసుకోండి. తువ్వాలు, తాళాలు, చెప్పులు, పిల్లవాడి పుస్తకాలు, ఏవైనా సరే. ఒక్కోదానికీ ముందు వస్తువు పేరుతో, వెంటనే సర్వనామంతో బిగ్గరగా అనండి. ‘పిక్ అప్ ద కీస్. పిక్ దెమ్ అప్.’ ‘పిక్ అప్ ద టవల్. పిక్ ఇట్ అప్.’ నియమం గుర్తుచేసుకునే టైమ్ మాట్లాడేటప్పుడు ఉండదు. నాలుకకే తెలిసిపోవాలి.

ఐదో మెట్టు: మనుషుల్ని, సామాన్లను తీసుకురావడం

ఈ అర్థం అందరికీ తెలిసిందే కాబట్టి పొరపాట్లు జరిగే చోట్లు మాత్రం చెబుతాను. విమానాశ్రయానికి వెళ్లి బంధువుల్ని ‘రిసీవ్ చేసుకోవడం’ మన మాట. ‘ఐ వెంట్ టు రిసీవ్ మై అంకుల్’ కంటే ‘ఐ వెంట్ టు పిక్ అప్ మై అంకుల్’ సహజంగా ఉంటుంది. మీరు బండి తీసుకెళ్లకుండా ఊరికే ఎదురెళ్లి కలిస్తే అది ‘మీట్’. పిక్ అప్‌కు ఎదురుమాట డ్రాప్ ఆఫ్. మనం ఆఫ్‌ను మింగేసి ‘డ్రాప్ మీ ఎట్ ద స్టేషన్’ అంటాం. తప్పు కాదు కానీ, ‘డ్రాప్ మీ ఆఫ్’ అంటే జత సరిగ్గా కుదురుతుంది.

కాలం, చోటు చెప్పే వరుస కూడా మారుతుంది. తెలుగులో ‘సాయంత్రం ఆరింటికి స్టేషన్ దగ్గర నన్ను ఎక్కించుకో’ అని టైమ్ ముందు చెబుతాం. ఇంగ్లీష్‌లో ‘పిక్ మీ అప్ ఎట్ ద స్టేషన్ ఎట్ సిక్స్’ అని టైమ్ చివరికి పోతుంది.

పై చదువులకు అమెరికా వెళ్లే పిల్లలకు మొదటిరోజే ఈ మాటతో పని పడుతుంది. చాలా యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థి సంఘాలు ఎయిర్‌పోర్ట్ పికప్ ఏర్పాటు చేస్తాయి. వాళ్లకు మెసేజ్ పెట్టేటప్పుడు ‘కెన్ సమ్‌వన్ పిక్ మీ అప్ ఫ్రమ్ ద ఎయిర్‌పోర్ట్?’ అని రాయండి. పికప్‌ను నామవాచకంగా వాడాలంటే ‘డూ యూ ఆఫర్ ఎయిర్‌పోర్ట్ పికప్?’ సరిపోతుంది. ‘గివ్ మీ పికప్’ మాత్రం వద్దు, దానికి బదులు ‘గివ్ మీ ఎ రైడ్’.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. పరిచయం లేని ఆడమనిషినో మగమనిషినో పిక్ అప్ చేశానంటే ఇంగ్లీష్‌లో వేరే అర్థం వస్తుంది. సరసమాడి వెంట తీసుకెళ్లడం అన్నమాట. ‘ఐ పిక్ట్ అప్ మై డాటర్ ఫ్రమ్ స్కూల్’లో ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే బంధుత్వం స్పష్టంగా ఉంది. వానలో బస్టాప్ దగ్గర నిలబడ్డ ఎవరో అమ్మాయిని సాయంగా కారులో దింపి వచ్చి ‘ఐ పిక్ట్ అప్ ఎ గర్ల్ ఎట్ ద బస్ స్టాప్’ అని ఆఫీసులో చెప్పకండి. ‘ఐ గేవ్ సమ్‌వన్ ఎ రైడ్’ అంటే ఏ అపార్థానికీ చోటుండదు. పోలీసులు చేసే పిక్ అప్ ఇంకొకటి. మన పేపర్లలో ‘అదుపులోకి తీసుకున్నారు’ అని రాసేదానికి ‘హీ వాజ్ పిక్ట్ అప్ బై ద పొలీస్’ అచ్చంగా సరిపోతుంది.

ఆరో మెట్టు: అబ్బడం, అంటుకోవడం, పసిగట్టడం

అసలు సారం ఇక్కడుంది. ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడండి.

ఈ తెలుగు వాక్యాలు చూడండి. నాకు హిందీ అబ్బింది. నాకు జలుబు పట్టుకుంది. వాడికి కాలేజీలో సిగరెట్ అలవాటైంది. పిల్లకు అమెరికన్ యాస వచ్చేసింది. నాలుగింటిలోనూ మనిషి పక్కన ‘కు’ గానీ ‘కి’ గానీ చేరింది. పని చేస్తున్నది హిందీ, జలుబు, సిగరెట్, యాస. అవి వచ్చి మనల్ని చేరుతున్నాయి. తెలుగు ఈ సంగతులను అలా చూస్తుంది, అనుకోకుండా వచ్చిపడేవాటిగా.

ఇంగ్లీష్ అదే అనుభవాన్ని మనిషి వైపు నుంచి చెబుతుంది. ‘ఐ పిక్ట్ అప్ హిందీ.’ ‘ఐ పిక్ట్ అప్ ఎ కోల్డ్.’ ‘హీ పిక్ట్ అప్ ద హ్యాబిట్ ఇన్ కాలేజ్.’ ‘షీ హాజ్ పిక్ట్ అప్ యాన్ అమెరికన్ యాక్సెంట్.’ కష్టపడకుండా, దారిలో ఏరుకున్నట్టు చేతికొచ్చింది అన్న భావం పిక్ అప్‌లోనే ఉంది. అందుకే ‘కు’ ఉన్న మనిషిని తెచ్చి వాక్యం మొదట్లో కూర్చోబెడితే సగం పని అయిపోతుంది. మనసులో ‘అబ్బింది, అలవాటైంది, అంటుకుంది, పట్టుకుంది’ అన్న మాటల్లో ఏది మెదిలినా, పిక్ అప్‌కు చోటుందేమో చూడండి.

దీనికీ లెర్న్‌కూ తేడా తెలియాలి. పుస్తకం పెట్టుకుని, పరీక్షలు రాసి నేర్చుకుంటే లెర్న్. 1918లో గాంధీజీ చొరవతో మద్రాసులో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఎన్నో తెలుగు కుటుంబాల్లో పిల్లలు రాశారు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ ఒక్కో మెట్టూ ఎక్కారు. వాళ్లు ‘ఐ లర్న్డ్ హిందీ’ అనాలి. గుంటూరు నుంచో శ్రీకాకుళం నుంచో హైదరాబాద్ వచ్చి, ఆటోవాళ్లతో, కూరగాయల బండ్ల దగ్గర మాట్లాడుతూ ‘కైకూ, నక్కో’ దాకా వెళ్లినవాళ్లు ‘ఐ పిక్ట్ అప్ హిందీ’ అనాలి. రెండూ గౌరవమైన మార్గాలే. ఎలా నేర్చుకున్నారో ఆ ఒక్క క్రియే చెప్పేస్తుంది.

ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు ఒక వాక్యం నోటికి తెచ్చుకోండి: ‘ఐ పిక్ థింగ్స్ అప్ క్విక్లీ.’ ఏ పనైనా చూసి త్వరగా అందుకుంటాను అని. ‘ఐ పిక్ట్ అప్ జావా ఆన్ ద జాబ్’ కూడా బాగుంటుంది, పని చేస్తూ నేర్చుకున్నాను అని. అయితే పద్ధతిగా శిక్షణ తీసుకోవాల్సిన విద్యలకు ఈ మాట నప్పదు. ఒక డాక్టర్ ‘ఐ పిక్ట్ అప్ సర్జరీ’ అంటే రోగి లేచి వెళ్లిపోవాల్సిందే.

జబ్బుల విషయంలో హద్దు ఏమిటంటే, అంటుకునేవే పిక్ అప్ అవుతాయి. జలుబు, ఇన్ఫెక్షన్, వైరస్ సరే. ప్రయాణంలో కడుపు పాడైతే ‘ఐ పిక్ట్ అప్ ఎ స్టమక్ బగ్’ అంటారు, ఇక్కడ బగ్ అంటే సూక్ష్మజీవి. జ్వరానికి ‘ఐ కేమ్ డౌన్ విత్ ఎ ఫీవర్’. షుగర్ వచ్చిందంటే ‘పిక్ట్ అప్ డయాబెటిస్’ అనకూడదు, అది అంటుకునే జబ్బు కాదు. ‘హీ డెవలప్డ్ డయాబెటిస్’ అనాలి.

శబ్దాలు, సిగ్నళ్లు, వాసనలు అందడం కూడా ఈ గుంపులోదే. ఆన్‌లైన్ మీటింగుల కాలంలో రోజూ పనికొచ్చే వాక్యం: ‘యువర్ మైక్ ఈజ్ పికింగ్ అప్ ద ఫ్యాన్ నాయిస్.’ మీ మైక్‌లో ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది అని. పోలీసు కుక్క వాసన పసిగడితే ‘ద డాగ్ పిక్ట్ అప్ ద సెంట్’. ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద ఉండి వాటి కంపనాన్ని అందుకునే అయస్కాంత పరికరం పేరు పికప్ అవడానికి కారణం కూడా ఇదే అర్థం.

మనిషి మనసులో మాట పసిగట్టడానికి మాత్రం ఇంకో ముక్క చేరాలి. అది ఆన్. ‘షీ పిక్ట్ అప్ ఆన్ మై హెజిటేషన్.’ నేను తటపటాయించడం ఆమె కనిపెట్టేసింది. ఇక్కడ మూడు ముక్కలూ కలిసే ఉండాలి, మధ్యలో ఏదీ దూరకూడదు. సర్వనామం వచ్చినా చివరే నిలుస్తుంది: ‘షీ పిక్ట్ అప్ ఆన్ ఇట్’. నాలుగో మెట్టులోని నియమం ఇక్కడ పనిచేయదని గుర్తుపెట్టుకోండి.

ఏడో మెట్టు: పుంజుకోవడం

తెలుగులో పుంజుకొను అనే క్రియ ఈ అర్థానికి అతికినట్టు సరిపోతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బట్టల షాపులు డిస్కౌంట్లు పెట్టి నెట్టుకొస్తాయి. శ్రావణం రాగానే బేరాలు పుంజుకుంటాయి. ‘బిజినెస్ పిక్స్ అప్ ఇన్ శ్రావణం.’ తుఫాను దగ్గరవుతుంటే గాలి పెరుగుతుంది, ‘ద విండ్ ఈజ్ పికింగ్ అప్.’ కాజీపేట దాటాక రైలు వేగం అందుకుంది, ‘ద ట్రైన్ పిక్ట్ అప్ స్పీడ్ ఆఫ్టర్ కాజీపేట్.’ పిక్ అప్ స్టీమ్ అన్నా మెల్లగా ఊపందుకోవడమే.

గమనించండి, స్పీడ్, స్టీమ్ లాంటివి వచ్చినప్పుడు తప్ప ఈ అర్థంలో క్రియ ఒంటరిగా నిలుస్తుంది. మందగించినది మళ్లీ లేవడం అనే భావం బలంగా ఉంటుంది. అందుకని ఉల్లిపాయల ధర పెరిగి ఇబ్బంది పడుతున్నామని చెప్పాలంటే పిక్ అప్ వద్దు, ‘ప్రైసెస్ వెంట్ అప్’ అనండి. జ్వరం ఎక్కువైనా అంతే.

ఎనిమిదో మెట్టు: ఆఫీసులో వినిపించేవి

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పొద్దున్నే జరిగే మీటింగ్‌లో ‘హూ ఈజ్ పికింగ్ అప్ దిస్ టికెట్?’ అంటారు. ఈ పని ఎవరు తీసుకుంటున్నారు అని. ‘ఐల్ పిక్ ఇట్ అప్’ అంటే నేను తీసుకుంటాను. టైమ్ అయిపోతే ‘లెట్స్ పిక్ దిస్ అప్ టుమారో’ అంటారు. దీన్ని ‘రేపు ఈ పని తీసుకుందాం’ అని పొరబడకండి. ఆపిన చర్చను రేపు కొనసాగిద్దాం అని. ఏది ఉద్దేశించారో సందర్భమే చెబుతుంది. మాట్లాడుతున్నది పని పంచుకోవడం గురించా, మాట మధ్యలో ఆపడం గురించా అని చూసుకోండి. ఆపిన చోటి నుంచే మొదలుపెట్టడానికి ‘లెట్స్ పిక్ అప్ వేర్ వీ లెఫ్ట్ ఆఫ్’ అనేది మొత్తంగా ఒకే ముక్కలా నేర్చుకోవాల్సిన వాక్యం.

భోజనాల దగ్గర ‘ఐల్ పిక్ అప్ ద ట్యాబ్’ అని బాస్ అంటే బిల్లు ఆయన కడతాడని అర్థం. అమెరికాలో ట్యాబ్‌కు బదులు చెక్ అని కూడా అంటారు.

అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. అపార్ట్‌మెంట్ల పచ్చికలో ‘ప్లీజ్ పిక్ అప్ ఆఫ్టర్ యువర్ డాగ్’ అని బోర్డులు ఉంటాయి. కుక్క చేసిన గలీజు మీరే తీయండి అని. పిల్లల వెనక వస్తువులు సర్దేవాళ్లు కూడా ‘ఐ యామ్ టైర్డ్ ఆఫ్ పికింగ్ అప్ ఆఫ్టర్ యూ’ అంటారు.

తొమ్మిదో మెట్టు: పలకడం

మనం ప్రతి హల్లు చివరా అచ్చు ఊదుతాం, ‘పిక్కు అప్పు’ అని. రెండు మాటల్ని కలిపేయండి: పికప్. పిక్ ఇట్ అప్ అనేది నోట్లో ‘పికిటప్’ అవుతుంది. గతకాలంలో ‘పిక్కెడ్’ అనకండి. క తర్వాత వచ్చే ఆ ఈడీని ట లాగా పలుకుతారు, కాబట్టి పిక్ట్ అప్ అనేది ‘పిక్టప్’.

ఊనిక ఎక్కడ పడాలో ఇంకా ముఖ్యం. క్రియగా వాడితే అప్ మీద గట్టిగా ఊనండి. నామవాచకమైతే పిక్ మీద. డ్రైవర్ అడిగే పికప్ పాయింట్‌లో పిక్ బలంగా ఉంటుంది, ‘ఐల్ పిక్ యూ అప్’లో అప్ బలంగా ఉంటుంది. రాతలోనూ తేడా ఉంది. క్రియ ఎప్పుడూ రెండు మాటలుగా, విడిగా. నామవాచకాన్ని అమెరికన్లు ఒకే మాటగా కలిపి రాస్తారు, బ్రిటిష్‌వాళ్లు ఎక్కువగా మధ్యలో చిన్న గీత పెడతారు.

పదో మెట్టు: ఎక్కడ వాడకూడదో తెలుసుకోండి

మాట్లాడేటప్పుడు, స్నేహితులకు మెసేజ్‌లు పెట్టేటప్పుడు, ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో పిక్ అప్ హాయిగా వాడండి. సహజంగా వినిపిస్తుంది. అకడమిక్ రైటింగ్‌లో, దరఖాస్తుల్లో, థీసిస్‌లో మాత్రం అర్థాన్ని బట్టి బరువైన మాట వెతకండి. తీసుకురావడానికి కలెక్ట్, నేర్చుకోవడానికి అక్వయర్, పుంజుకోవడానికి ఇంప్రూవ్ లేదా రికవర్, కొనసాగించడానికి రెజ్యూమ్, సిగ్నల్ అందుకోవడానికి డిటెక్ట్, ఫోన్‌కు ఆన్సర్. ఇలా ఒక్క మాటకు ఇన్ని బదులు మాటలు దొరకడమే, దాన్ని ఒక్క అర్థంతో నేర్చుకోకూడదనడానికి మంచి సాక్ష్యం.

పదకొండో మెట్టు: మీ జీవితంలోంచి వాక్యాలు

పుస్తకంలో వాక్యాలు కాపీ చేయకండి. మీకు నిజంగా జరిగినవే రాయండి. మీరు ఎవర్ని ఎక్కడి నుంచి తీసుకొచ్చారు, ఎవరి దగ్గర ఏ వంట అబ్బింది, ఏ అలవాటు ఎప్పుడు అంటుకుంది, మీ ఊళ్లో వ్యాపారం ఏ నెలలో పుంజుకుంటుంది, ఆపేసిన ఏ పనిని మళ్లీ మొదలుపెట్టారు. రోజుకు ఒక అర్థం, ఒక్కో అర్థానికి రెండు వాక్యాలు చాలు. రాసినవాటిని బిగ్గరగా చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, ఊనిక ఎక్కడ పడుతోందో తెలుస్తుంది.

వారం చివర ఈ ఆరు వాక్యాలను ఇంగ్లీష్‌లోకి మార్చి చూడండి. కింద జవాబులు ఉన్నాయి, ముందే చూడకండి.

1. మా అత్తగారి దగ్గర నాకు కొన్ని వంటలు అబ్బాయి.
2. వాళ్లను ఆరింటికి స్టేషన్ దగ్గర ఎక్కించుకో.
3. దసరా తర్వాత అమ్మకాలు పుంజుకున్నాయి.
4. తమ్ముడు ఫోన్ ఎత్తట్లేదు.
5. నాకు కోపం వచ్చిందని ఆయన పసిగట్టాడు.
6. ఈ సంగతి సోమవారం కొనసాగిద్దాం.

మొదటిది ‘ఐ పిక్ట్ అప్ సమ్ రెసిపీస్ ఫ్రమ్ మై మదర్ ఇన్ లా’. ‘నాకు’ అన్నది ఐగా మారి ముందుకొచ్చిందా లేదా చూసుకోండి. రెండోది ‘పిక్ దెమ్ అప్ ఎట్ ద స్టేషన్ ఎట్ సిక్స్’, దెమ్ మధ్యలో, టైమ్ చివర. మూడోది ‘సేల్స్ పిక్ట్ అప్ ఆఫ్టర్ దసరా’. మీ వాక్యంలో ‘వర్’ దూరి ఉంటే రెండో మెట్టు మళ్లీ చదవండి. నాలుగోది ‘మై బ్రదర్ ఈజంట్ పికింగ్ అప్’. తమ్ముడని ప్రత్యేకంగా చెప్పాలంటే యంగర్ చేర్చండి. ఐదోది ‘హీ పిక్ట్ అప్ ఆన్ మై యాంగర్’, ఆన్ మరచిపోకూడదు. ఆరోది ‘లెట్స్ పిక్ దిస్ అప్ ఆన్ మండే’. ఇక్కడి ఆన్ సోమవారానికి చెందింది, ఐదో వాక్యంలోని ఆన్ క్రియకు చెందింది. ఈ రెండు ఆన్‌ల తేడా మీకు సులువుగా కనిపిస్తే వచ్చే వారం డ్రాప్ ఆఫ్ మొదలుపెట్టండి.